శరత్తు ఎవరి రుతువు?

ప్రకృతి సౌందర్యాన్ని గురించి మాట్లాడటం మనవంటి వాళ్లకు తగునా అన్న ప్రశ్న మన సాహిత్య చర్చల్లో పాతదే. ఒక కాలంలో దీనికి సమాధానం సులభంగా వుండేది. వెన్నెలా, కలువలూ, కోయిలా తిండికి లోటులేని వాళ్ల వ్యసనాలనీ, ఆకలిగొన్నవాడికి వాటితో పనిలేదనీ మనం తేల్చేసేవాళ్లం. సౌందర్యం సర్వజనీనమనీ, దానికి వర్గం లేదనీ అవతలి పక్షం తేల్చేసేది. రెండు పక్షాలూ ఇంత త్వరగా తేల్చెయ్యటం చూస్తే, అసలు ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదేమోనన్న అనుమానం కలుగుతుంది. నాకీ అనుమానం పుస్తకాల వల్ల కలగలేదు. పాఠం చెప్తూండగా కలిగింది.

ఆంధ్ర మహాభారతం ఆరణ్యపర్వంలో నన్నయ చివరి పద్యమని పరంపరగా చెప్పుకునే శరద్రాత్రి వర్ణన నేను ఏటా చెప్పే పాఠం. 11వ శతాబ్దంలో నన్నయ ఆ రాత్రి దగ్గర ఆగిపోయాడు. మళ్లీ ఎర్రన వచ్చి ఆ పర్వాన్ని అందుకోవటానికి 14వ శతాబ్దం దాకా పట్టింది. మబ్బు తొలగిన ఆకాశం, చుక్కలు, కలువల వాసన మోసుకొచ్చే గాలి, అన్నిటినీ ముంచెత్తే వెన్నెల. పద్యం చదివి, తేటపడిన ఆకాశం తేటపడిన మనస్సుకు గుర్తు అని అలవాటు ప్రకారం చెప్పుకుపోతున్నాను. వెనక బెంచీలోంచి వుద్దానం అమ్మాయి ఒకతె లేచి, "సార్, మా వూళ్లో ఆశ్వయుజం అంటే తుఫాను నెల. ఆకాశం మరీ తేటగా వుంటే మా నాన్నకి నిద్రపట్టదు" అన్నది. తరగతి నవ్వింది. నేను కూడా నవ్వి, "కవిసమయం వేరు, వాతావరణశాఖ వేరు" అన్నాను. అది చమత్కారమే గాని సమాధానం కాదు. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ అమ్మాయి మాట వెనక ఒక తారీఖు వుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అది శరన్నవరాత్రుల్లో రెండో రోజు. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. అంతకుముందు ఫైలిన్ వచ్చింది 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. పంచాంగం చూసుకుని వచ్చినట్టున్న ఈ తారీఖులకు కారణం వుంది. నైరుతి రుతుపవనం బలంగా వున్న నెలల్లో కింది గాలికీ పై గాలికీ మధ్య వుండే తేడా తుఫానును నిలువునా పెరగనివ్వదు. రుతుపవనం వెనక్కి తగ్గేసరికి ఆ తేడా తగ్గుతుంది, సముద్రంలో వేడి మాత్రం ఇంకా మిగిలే వుంటుంది. అంటే కవి మెచ్చుకున్న నిర్మలాకాశాన్ని ఏ మార్పు తెస్తున్నదో, తుఫానును కూడా ఆ మార్పే తెస్తున్నది. కవిసమయమూ వాతావరణశాఖా నేను అనుకున్నంత వేరు కావు. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు కావాలి. జీడిచెట్టు మూడు నాలుగేళ్లకు పూతకు వచ్చినా నిండు కాపు చూడటానికి పదేళ్లవుతుంది. కనుక ఆ రాత్రి పడిపోయింది ఆ యేటి పంట కాదు. ఒక కుటుంబం ముందుకు లెక్కవేసుకున్న పదేళ్లు పడిపోయాయి.

మన కావ్యాల్లో శరత్తుకు ఇంకో ముఖం కూడా వుందని, తెలుగు ఎం.ఏ. చదివిన నాకు ముందే గుర్తుకు రావలసింది. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో రఘుమహారాజు దిగ్విజయానికి బయలుదేరేది శరత్తులోనే. బురద ఆరింది, ఏళ్లు దాటటానికి వీలుగా తగ్గాయి, కనుక దండు కదిలింది. ఆ దండు కళింగానికి వచ్చి, మహేంద్రగిరి ప్రాంతాన్ని జయించి, తమలపాకుల్లో కొబ్బరికల్లు పోసుకుని తాగిందని కవి రాశాడు. శ్లోకం బాగానే వుంటుంది. ఆ కొబ్బరిచెట్లు ఎవరివో మాత్రం కవి చెప్పలేదు. మన వైపు వచ్చిన తొలి విహారయాత్రికులు బహుశా వీళ్లే.

ఆ పాఠం జరిగిన వారానికి ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకుని ఆ దారి చూసి రావటానికి వెళ్లాను. వానల్లో కొండవాగుల జలపాతాలు చూడటానికి వచ్చేవాళ్ల రద్దీ అయిపోయింది. కార్తీక వనభోజనాల రద్దీ ఇంకా మొదలుకాలేదు. జీడితోటల్లో ఆకులు వానకు కడిగినట్టున్నాయి. రెల్లు పూసింది. చేలగట్ల మీద మొగలిపొదలు దట్టంగా పెరిగి వున్నాయి. మందస దాటితే పడమటి దిక్కున మహేంద్రగిరి, 1500 మీటర్ల ఎత్తు పర్వతం, నీలిరంగు పూసిన గోడలా కనిపిస్తుంది. బస్సు కిటికీలోంచి చూసి "కోనసీమలా వుంది" అన్నాడు నా మిత్రుడు. ఉద్దానాన్ని చూసినవాళ్లు ఈ మాట అనకుండా వుండరు. ఒక చోటును మెచ్చుకోవటానికి ఇంకో చోటు పేరు పెట్టవలసి వచ్చిందంటే, మెచ్చుకున్నవాడు దాన్ని సరిగా చూడలేదనే అర్థం.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు తొలివానలతో వచ్చి, గ్రామంలోని చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని, చలికాలంలో వెళ్లిపోతాయి. మేం వెళ్లేసరికి పిల్లలు రెక్కలు సరిచూసుకుంటున్నాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో సరిగ్గా దీనికి తలకిందులు. గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితోపాటు రంగుకొంగలు శరత్తులో వచ్చి వేసవి మొదట్లో వెళ్తాయి. అక్కడ తొలి జట్లు అప్పుడే దిగుతున్నాయి. ఒక వూళ్లో ప్రయాణపు సన్నాహం, ఇంకో వూళ్లో రాక. రెండు వూళ్లలోనూ గూళ్లు అడవిలో కాదు, ఇళ్ల మధ్య, చింతచెట్ల మీద.

దూరం నుంచి చూస్తే ఆ చెట్లు తెల్లపూలు పూసినట్టుంటాయి. దగ్గరికి వెళితే ముక్కు మూసుకోవాలి. కుళ్లిన చేపలు, రెట్ట, గూళ్లలోంచి జారిపడి చచ్చిన పిల్లలు. ఇంటిముందు బియ్యం చెరుగుతున్న ఒక ముసలమ్మను పలకరించాం. "సూడ్డానికొచ్చినోలు సూసి ఎల్లిపోతారు బాబూ. సోద్దెం మీకు, కంపు మాకు" అని నవ్వింది. "మరి కొమ్మలు కొట్టించెయ్యొచ్చు గదమ్మా" అన్నాడు నా మిత్రుడు, పరీక్షకోసం. ఆమె చేట ఆపి అతని ముఖంలోకి చూసింది. "పురిటికొచ్చిన పిల్లని పొమ్మంటామేటి, బాబూ?" అన్నది. మాకు మాట తోచలేదు.

ఈ ముసలమ్మకు ఆ పక్షులతో వున్న సంబంధం ఎటువంటిది? సౌందర్యశాస్త్రం చదువుకున్నవాళ్లు కాంట్‌ను తలుచుకుంటారు. 1790లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన సౌందర్యానుభూతికి స్వప్రయోజనదృష్టి వుండకూడదన్నాడు. వస్తువు మనకు ఉపయోగమా, మన సొత్తా అన్న ఆలోచన లేకుండా చూసినప్పుడే దాని అందం తెలుస్తుందట. ఇందులో నిజం లేకపోలేదు. కాని తేలినీలాపురం చెట్టు కింద నిలబడి చూస్తే, అక్కడ ఈ నిష్ప్రయోజనదృష్టి వున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాకా దృష్టి ఎలా వచ్చింది? సాయంత్రం బస్సు వుంది కనుక వచ్చింది. ముసలమ్మది నిష్ప్రయోజనదృష్టి కాదు. అలాగని లాభదృష్టీ కాదు. చింతపండు పోగొట్టుకుని, దుర్గంధం భరించి, బంధుత్వం కలుపుకున్న దృష్టి అది. ఈ మూడో దృష్టికి మన శాస్త్రాల్లో పేరున్నట్టు నాకు తోచదు. పేరు లేకపోయినంతమాత్రాన తక్కువది కాదు.

చెర్నిషెవ్‌స్కీ 1855లో రాసిన సిద్ధాంతవ్యాసంలో, స్త్రీ రూపాన్ని ఉదాహరణగా తీసుకుని, రైతు అందమనుకునేది ఒకటి, ప్రభువులు అందమనుకునేది మరొకటి అని చూపించాడు. మనవాళ్లు దాన్ని మనుషుల వరకే అన్వయించి వూరుకున్నారు. భూమికి కూడా అన్వయించాలి. భూమిని చూసే కళ్లు కూడా ఒక వర్గంలో పుట్టి పెరుగుతాయి. మందస జమీందారీలో అడవి జమీందారుది. కట్టె కొట్టుకోవటం రైతుకు నేరం. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు రైతులు బలి అయింది ఈ అడవి హక్కు దగ్గరే. జమీందారుకు అడవి తన దర్జాలో భాగం. గున్నమ్మకు పొయ్యిలో కట్టె.

జమీందార్లు పోయారు గనక ఆ కన్ను కూడా పోయిందనుకోవటానికి వీల్లేదు. సోంపేట, కవిటి మధ్య బీల అనే చిత్తడినేల వుంది. అది రైతుకు సాగునీరు, జాలరికి చేప, పశువుకు మేత. అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టటానికి పూనుకున్నప్పుడు ఆ నేల కాగితాల మీద బంజరు అయింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ సరిగ్గా ఆ రోజే రద్దు చేసింది. తరవాత ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి వైపు కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. అక్కడి తడినేలను జనం తంపర అంటారు. తేలినీలాపురం పక్షులు మేతకు పోయేది నౌపడ వైపు వున్న ఈ తంపరలకే. 2023 ఏప్రిల్‌లో అదే తీరాన మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది.

ఇక్కడ నేను చెప్పదలుచుకున్న విషయానికి వచ్చాను. బీలను బంజరు అని రాసిన ఉద్యోగి, దాన్ని చూసి "అబ్బ, ఎంత ప్రశాంతంగా వుంది" అన్న విహారయాత్రికుడు, ఒకరికొకరు శత్రువులని మనం సాధారణంగా అనుకుంటాం. ఒకడు ప్రకృతిని నాశనం చేసేవాడు, ఇంకొకడు ఆరాధించేవాడు. నాకు వాళ్లిద్దరూ దాయాదుల్లా కనిపిస్తున్నారు. ఇద్దరి చూపులోనూ అక్కడ మనిషి లేడు. యాత్రికుడు ఫొటోలోకి వల ఆరేసుకుంటున్న జాలరి రాకుండా కెమెరా పక్కకు తిప్పుతాడు. ఉద్యోగి ఆ జాలరిని రికార్డులోకి రాకుండా చూస్తాడు. మొదటివాడికి అది దృశ్యం, రెండోవాడికి ఖాళీ జాగా. దృశ్యం ఖాళీ జాగాగా మారటానికి ఒక్క సంతకం చాలు.

పార్టీ సాహిత్యం బాగా చదివిన నా మిత్రుడు తిరుగు ప్రయాణంలో ఆక్షేపించాడు. "పల్లెటూరివాళ్లు పక్షుల్ని కాపాడేది ప్రేమ వల్ల కాదు, ఉపయోగం వల్ల. కొంగలు నత్తల్ని తింటాయి, రెట్ట చేనుకు ఎరువవుతుంది. నువ్వు దానికి పురిటి సెంటిమెంటు పులుముతున్నావు." ఈ ఆక్షేపణలో బలం వుంది. చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్ రైతులు తమ చెరువులోని పక్షుల్ని ఎవరూ కాల్చకుండా 18వ శతాబ్దం చివర్లోనే ఆంగ్లేయ కలెక్టరు దగ్గర హక్కు సంపాదించుకున్నారు. 1858లో దాన్ని మళ్లీ ఖాయం చేయించుకున్నారు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు మంచిదని వాళ్లకు తెలుసు. అయితే ఉపయోగం వుంటే ప్రేమ వుండకూడదనే నియమం ఎక్కడిది? అది మళ్లీ కాంట్ దగ్గర అప్పు తెచ్చుకున్నదే. తల్లికి కొడుకు ముసలితనంలో ఆసరా. అంతమాత్రాన ఆమె వాత్సల్యాన్ని బీమా పాలసీ అనం గదా. పాడిఆవును ప్రేమించే రైతును మనం కపటి అనం.

మిత్రుడి ఆక్షేపణ ఇంకో చోట మాత్రం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. పల్లెటూరివాడు స్వభావం చేతనే ప్రకృతిప్రియుడన్నది కూడా యాత్రికుడి ఊహే. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరం కనుగొన్నాడు. అవి వేల సంఖ్యలో అక్కడ గూళ్లు కట్టేవి. 1975 ప్రాంతానికి అది లేకుండా పోయింది. కొల్లేరు వాళ్లు తేలినీలాపురం వాళ్లకన్నా చెడ్డవాళ్లని ఎవరూ అనలేరు. బతుకుతెరువు మారితే బంధుత్వాలు మారతాయి. తేలినీలాపురం ముసలమ్మ మనుమడు చెన్నైలో పనికి వెళ్లాడు. అతనికి ఈ చింతచెట్లు ఎవరి బంధువులో నాకు తెలియదు.

వలస మాట వచ్చింది గనక ఒక పిట్టకథ. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఆ వూళ్లలో చెప్తారు, పత్రికలూ అదే రాస్తాయి. నిజానికి గూడబాతు గాని, రంగుకొంగ గాని, నత్తగుల్ల కొంగ గాని సైబీరియా ముఖం చూసినవి కావు. అవి భారతదేశంలోనూ దాని చుట్టుపక్కల దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనూ బతికే పక్షులు. నీళ్లనూ మేతనూ బట్టి చెరువు నుంచి చెరువుకు తిరుగుతాయి. మరి సైబీరియా ఎందుకు కావలసి వచ్చింది? వేల మైళ్ల అవతలి నుంచి వస్తేనే అతిథి మర్యాద. పక్క జిల్లా చెరువులోంచి వచ్చిందంటే పలకరించేవాడుండడు. ఉద్దానం నుంచి సూరత్‌కో, చెన్నైకో, గుజరాత్ తీరానికి చేపల పడవల మీద పనికో పోయే మనుషుల్ని అక్కడివాళ్లు ఎలా చూస్తారో తెలిసినవాళ్లకు ఇందులోని వ్యంగ్యం వివరించనక్కర్లేదు. పైగా ఆ మనుషులు సంక్రాంతికి తమ వూరికి తామే నాలుగురోజుల సందర్శకులై వస్తారు.

పలాసలో బస్సు మారేటప్పుడు నా మిత్రుడు జీడిపప్పు పొట్లం కొన్నాడు. పలాస వచ్చినవాడు కొనకుండా పోడు. గింజ కొట్టేటప్పుడు పెంకులోంచి కారే జిడిగ చర్మాన్ని కాలుస్తుంది. ఆ పని చేసే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి మచ్చలు పడి వుంటాయి. పొట్లం మీద పచ్చని తోట బొమ్మ వుంది, వేళ్ల బొమ్మ లేదు. ఆ తోటల నీడనే ఏళ్ల తరబడి మూత్రపిండాల జబ్బు మనుషుల్ని తింటున్నది. కారణం ఫలానా అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, పరిశోధనకేంద్రమూ తెరిచారు. తాగునీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో తెచ్చారు. తేలినీలాపురంలో కూడా 2021 చివరి నుంచి 2022 మొదటి దాకా వందకు పైగా గూడబాతులు కడుపులో పురుగులు చేరి చచ్చిపోయాయి. చేపల ద్వారా వచ్చిన పురుగులన్నారు. ఈ రెండిటికీ సంబంధం అంటగట్టను. కాని ఈ పచ్చదనాన్ని చూసి ఆరోగ్యం అనుకునే కన్ను రెండింటినీ చూడలేదు.

అవసరాలు పీక్కుతింటున్న మనిషికి ఎంత గొప్ప దృశ్యమూ కంటికి ఆనదనీ, ఖనిజాల వ్యాపారికి రాయిలో ధరే కనిపిస్తుంది గాని అందం కనిపించదనీ మార్క్స్ 1844 నాటి రాతప్రతుల్లో అంటాడు. రెండో సగం బీల విషయంలో అక్షరాలా రుజువయింది. మొదటి సగాన్ని కూడా నేను చాలాకాలం అలాగే నమ్మాను. తిరిగి వచ్చాక ఆ అమ్మాయిని పిలిచి, ఆ రోజు తరగతిలో నవ్వినందుకు క్షమాపణ చెప్పి, శరత్తు గురించి ఆమె అన్నదే సరైనదనీ, మా పాఠం తిండికి లోటులేనివాళ్ల పాఠమనీ అన్నాను. ఒప్పుకుంటుందనుకున్నాను. ఆమె కొంచెంసేపు వూరుకుని, "అలా కాదు సార్" అన్నది.

తిత్లీ వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. తుఫాను వెళ్లిన రెండు వారాలకు ఆశ్వయుజ పౌర్ణమి వచ్చింది. వాళ్ల వూరికి అప్పటికి కరెంటు రాలేదు. పగలంతా ఇంటిల్లిపాదీ పడిపోయిన చెట్లు నరికి పక్కకు లాగుతున్నారు. ఆ రాత్రి నీళ్లకోసం బయటికి వస్తే, చెట్లు లేనందువల్ల, ఎన్నడూ కనిపించనంత ఆకాశం కనిపించింది. కూలిన కొబ్బరి మొవ్వుల మీద వెన్నెల పడి మెరుస్తున్నది. "చాలా బాగుంది సార్. నాన్న అక్కడే కూచుని ఏడుస్తున్నాడు. నాకు మాత్రం బాగుంది. ఎవరికీ చెప్పలేదు. మీరా పద్యం చదువుతుంటే అదే గుర్తొచ్చింది, అందుకే కోపం వచ్చింది. అలా అనిపించటం తప్పా సార్?"

తప్పు కాదమ్మా అన్నాను. ఎందుకు కాదో చెప్పలేకపోయాను. తరవాత ఆలోచించి, పగలంతా చెట్లు లాగిన పిల్లకు ఆ వెన్నెల మీద హక్కు వుంది, అది యాత్రికుడి వెన్నెల కాదు అని ఒక సమాధానం తయారుచేసుకున్నాను. రెండు రోజులు అది నాకు బాగానే వుంది. మూడో రోజు దాన్ని కూడా అనుమానించాను. వెన్నెల చూసి సంతోషించటానికి పేదవాళ్ల పిల్ల ముందుగా కూలి చేసి చూపించాలా? ఆమె తమ్ముడు ఆ పగలు ఏ చెట్టూ లాగకుండా జ్వరంతో పడుకుని, రాత్రి లేచి ఆకాశం చూసివుంటే వాడికి హక్కు లేదా? శ్రమను జామీనుగా పెట్టించుకుని అందాన్ని మంజూరు చేసే అధికారం నాకెవరిచ్చారు? అవసరాలు పీక్కుతినే మనిషికి కూడా అందం కంటబడుతుందనీ, దాన్ని పైకి చెప్పుకునే ధైర్యాన్ని మాత్రం మన రెండు పక్షాలూ కలిసి ఆ మనిషి దగ్గర లాక్కున్నాయనీ ఇప్పుడు నాకు అనిపిస్తున్నది. ఒకరు వెన్నెలను తమ సొత్తు చేసుకున్నారు. మనం దాన్ని నేరం చేశాం.

వచ్చే యేడు ఆ పాఠం ఎలా చెప్పాలో నాకింకా తెగలేదు. మొన్న ఆ అమ్మాయి వరండాలో కనిపిస్తే తోట సంగతి అడిగాను. తిత్లీలో పోయిన చెట్ల గుంతల్లోనే వాళ్ల నాన్న ఆ మరుసటి యేడు మొక్కలు పెట్టాడట. వాటిలో రెండు చెట్లు మొదటిసారిగా గెల వేశాయని చెప్పింది. అక్టోబరు ఇంకా సగమే అయింది.